స్టీవెన్‌సనును సంపూర్ణముగా చదువవలెను

మన ఉన్నత పాఠశాలలలో ఆంగ్లము నేర్చు బాలబాలికలలో “ట్రెజరు ఐలెండు” అను నవల పేరు విననివారు అరుదు. ఒంటికాలి ఓడదొంగ, ఆతని భుజముమీది చిలుక, గుర్తులు పెట్టిన దీవి పటము, పాతిపెట్టిన బంగారము, ఇవి అందఱికిని తెలిసినవే. అయితే ఆ కథను వ్రాసిన రాబర్టు లూయిస్ స్టీవెన్‌సన్ ఇంకను ఏమేమి వ్రాసెనని ప్రశ్నించినచో బాలురే కాదు, పట్టపరీక్షలు నెగ్గిన పెద్దలును తడుముకొందురు. ఆయన ఓడదొంగల కథలు చెప్పి పిల్లలకు వినోదము గూర్చిన రచయిత యనియు, మీసములు వచ్చిన పిమ్మట ఆయనతో పనిలేదనియు ఒక అభిప్రాయము లోకములో నాటుకొని యున్నది. ఇందుకు విరుద్ధముగా, క్రైస్తవ పాఠశాలలో ఇట్టి పుస్తకములు పిల్లల చేతికి ఈయదగునా యని సంశయించు పెద్దలును మనలో కలరు. హత్యలు, మోసములు, విషపు మందులు గల కథలవలన బాలుర మనస్సు చెడునని వారి భయము.

ఆయనను తేలికగా చూచువారును, ఆయనకు వెఱచువారును ఇరువురును పొరబడుచున్నారని మా తలంపు. మొదటివారు ఆయన గ్రంథములలో ఒకదానినే, అదియును సంగ్రహముగా చదివిరి. రెండవవారు కథలోని దుర్జనుని చూచిరి గాని, ఆ దుర్జనుని గ్రంథకర్త ఎందుకు మన యెదుట నిలిపెనో చూడలేదు. ఆయన రచనలన్నియు ఒకచోట చేర్చి చదివినచో, పైకి ఎన్ని రూపములు ధరించినను లోపల ఒక్కటే ప్రశ్న వినవచ్చును. ఒకే మనుష్యునియందు మంచియు చెడుగును ఎట్లు కలిసి నివసించును? మంచివాడని పేరుపడినవానిని ఎంతవఱకు నమ్మవలెను? చెడ్డవాడని పేరుపడినవానిని ఎంతవఱకు ద్వేషింపవలెను? ఈ ప్రశ్న మిషను పాఠశాలకు పరాయిది కాదు. కావున ఆయనను పూర్తిగా చదువవలెననియే ఈ వ్యాసములో వాదింపదలచితిమి.

స్టీవెన్‌సన్ 1850వ సంవత్సరము నవంబరు 13వ తేదీన స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జన్మించెను. ఆ వంశమువారు దీపస్తంభములు కట్టు ఇంజనీర్లు. పోటు వేళ నీట మునిగిపోవు బెల్ రాక్ అను సముద్రపు బండపై ఆయన తాత కట్టిన దీపస్తంభము 1811లో మొదటిసారి వెలిగి నేటికిని నిలిచియున్నది. తల్లివైపు తాత స్కాట్లండు సంఘములో బోధకుడు. బాల్యమునుండియు దగ్గుతో జ్వరముతో మంచము పట్టుచుండిన ఆ బిడ్డకు దాది అలిసన్ కన్నింగుహాము రాత్రులు మేలుకొని బైబిలు కథలను, విశ్వాసము కొఱకు హింసలు పడిన స్కాచి కవనెంటర్ల చరిత్రలను వినిపించెను. పదునాఱేండ్ల ప్రాయమున ఆయన అచ్చు వేయించిన మొదటి చిన్న పుస్తకము 1666లో ఆ కవనెంటర్లు చేసిన తిరుగుబాటును గూర్చినదే. తండ్రి కోరికచే ఇంజనీరింగు చదివి, అది మాని న్యాయశాస్త్రము చదివి, 1875లో న్యాయవాదిగా నమోదయ్యెను గాని, కలమే ఆయన వృత్తియయ్యెను. ఆరోగ్యమును వెదకికొనుచు ఫ్రాన్సు, అమెరికా, తుదకు పసిఫిక్కు సముద్రపు దీవులు చేరి, 1894 డిసెంబరు 3వ తేదీన సమోవాలో నలువది నాలుగవయేట మరణించెను. ఇంత స్వల్పకాలములో నవలలు, చిన్న కథలు, యాత్రా గ్రంథములు, వ్యాసములు, బాలగేయములు, నాటకములు, చరిత్ర, ప్రార్థనలు, అన్నిటిని ఆయన వ్రాసెను.

అందఱెఱిగిన గ్రంథముతోనే ప్రారంభింతము. 1881లో బ్రేమార్ అను స్కాచి గ్రామమున వానలు విడువని దినములలో, తన భార్యకు పూర్వ వివాహమున కలిగిన కుమారుని వినోదము కొఱకు స్టీవెన్‌సన్ ఒక దీవి పటమును గీసెను. ఆ పటమునుండి కథ పుట్టెను. అది మొదట బాలుర పత్రికలో మాఱుపేరుతో వెలువడి, 1883లో గ్రంథమయ్యెను. తెలుగున దీనిని నండూరి రామమోహనరావుగారు “కాంచనద్వీపము” అను పేర మనకు అందించిరి. ఇందులోని ఓడదొంగలలో మిక్కిలి అపాయకరమైనవాడు ఎవడు? త్రాగి కేకలు వేయువాడు కాదు. వంటగదిని అద్దమువలె ఉంచువాడు, పిల్లవానితో ఆప్యాయముగా మాటలాడువాడు, తోటి దొంగలు సొమ్ము తగులబెట్టుచుండగా తన సొమ్మును బ్యాంకులో దాచుకొనువాడు, లాంగ్ జాన్ సిల్వరు. పొదుపు, ధైర్యము, చక్కని నడవడి, చురుకైన బుద్ధి, మనము పిల్లలకు నేర్పదలచిన సుగుణములలో పెక్కు ఆతనియందు కలవు. లేనిది మనస్సాక్షి యొక్కటే. అది లేనిచో మిగిలిన సుగుణములన్నియు దుర్మార్గమునకు పనిముట్లగునని ఈ కథ చూపుచున్నది. “చెడ్డవారితో తిరుగకుము” అని మనము పిల్లలకు చెప్పుదుము. చెడ్డవాడు ఎంత మంచివానివలె కనబడగలడో చెప్పుట మఱతుము. స్టీవెన్‌సన్ మఱవలేదు.

నిధి దొరికిన పిమ్మట ఏమయ్యెనో చూడుడు. మూడేండ్లు ఒంటరిగా దీవిలో పడియుండిన బెన్ గన్ తనకు వచ్చిన వేయి పౌనులను పందొమ్మిది దినములలో పోగొట్టుకొని బిచ్చమునకు వచ్చును. బాలుడగు జిమ్ ఆ దీవికి మరల పోనని నిశ్చయించుకొని, రాత్రులు పీడకలలు కనును. బంగారము కొఱకు పోయిన కథ బంగారముపై వెగటు పుట్టించి ముగియుచున్నది. సంగ్రహ ప్రతులలో ఈ చివరి పుటలే తఱచుగా కత్తిరింపబడును.

1886లో వెలువడిన “కిడ్నాప్డు” అను నవలను మేము ఇంతకంటెను ఉన్నతముగా ఎంచెదము. 1746లో కలోడెన్ యుద్ధమున స్కాట్లండు పర్వత ప్రాంతీయులు ఓడిపోయిన పిమ్మటి కాలమది. రాజపక్షమువాడును మైదానపు వాడునగు డేవిడ్ బాల్ఫరు అను యువకునికిని, తిరుగుబాటుపక్షపు వీరుడగు అలన్ బ్రెక్ అనువానికిని విధివశమున స్నేహము కలుగును. రాజకీయములో వారికి ఏ యేకాభిప్రాయమును లేదు. సైనికులు తఱుముచుండగా కొండలలో కలిసి పరుగెత్తుదురు. అలన్ తన స్నేహితుని డబ్బును పేకాటలో పోగొట్టును. డేవిడ్ లోలోపల కోపము పెంచుకొని, దినముల తరబడి ముభావముగా నడచి, తుదకు అవమానకరమైన మాటలాడి కత్తి దూయును. అలన్ కత్తి తీసియు పోరలేక దానిని పాఱవేయును. అప్పుడు డేవిడ్‌కు తన పలుకులు మరలింపరానివని తెలియును. క్షమాపణ చాలదని గ్రహించి, నడువలేకున్నాను సహాయము చేయుమని అడుగును. ఆ ఒక్క అడుగుటతో కలహము కరగిపోవును. స్నేహితుల మధ్య కోపము ఎట్లు పుట్టునో, ఎట్లు పుండగునో, ఎట్లు మానునో ఇంత సూక్ష్మముగా బాలురకు చెప్పిన కథలు మేము ఎక్కువ ఎఱుగము. వసతిగృహములో కలిసి నివసించు విద్యార్థులకు ఈ అధ్యాయము ఎన్నో ఉపదేశములకంటె ఎక్కువ మేలు చేయును.

ఈ కథకు 1893లో వచ్చిన ఉత్తరభాగము “కాట్రియోనా”. నిజ చరిత్రలో 1752 మే నెలలో కాలిన్ కేంబెల్ అను ప్రభుత్వపు ఎస్టేటు అధికారి కాల్చి చంపబడగా, ఆ నేరమునకు జేమ్సు స్టూవర్టు అనువాడు ఉరితీయబడెను. విచారణకు అధ్యక్షుడు కేంబెల్ వంశ నాయకుడే. పదునేవురు జూరీ సభ్యులలో పదునొకండుగురు కేంబెల్ వంశీయులే. నవలలో డేవిడ్ ఆ జేమ్సు నిర్దోషియని సాక్ష్యము చెప్పుటకు తన ప్రాణమునకు తెగించి అధికారులను ఆశ్రయించును. వారు మర్యాదగా వినుదురు. పిమ్మట ఆతనిని సముద్రములోని ఒక బండపై నిర్బంధింతురు. తీర్పు అయిన తరువాతనే ఆతడు బయటపడును. జేమ్సు రక్షింపబడడు. ఇది సినిమా కథయైనచో చివరి నిమిషమున వీరుడు గుఱ్ఱముపై వచ్చి ఉరిత్రాటిని తెంచియుండును. స్టీవెన్‌సన్ చరిత్రను వంచలేదు. సత్యము పలికినంత మాత్రమున జయము తప్పక కలుగదనియు, అయినను సత్యము పలుకక తప్పదనియు డేవిడ్ వలన నేర్చుకొందుము. సత్యమునకు వెంటనే బహుమానము దొరకునని చెప్పి పెంచిన పిల్లలు మొదటి అన్యాయమును చూడగానే నిరాశపడుదురు. ఇట్టి కథ చదివినవారు కొంత గట్టిపడియుందురు.

“డాక్టరు జెకిల్, మిస్టరు హైడు” అను చిన్న నవల 1886 జనవరిలో వెలువడి, ఆఱు నెలలలో ఇంగ్లండున దాదాపు నలువదివేల ప్రతులు అమ్ముడుపోయెను. నాటక ప్రదర్శనలు, చలనచిత్రములు దీనిని భయంకరమైన రాక్షస కథగా మార్చినవి. మంచివాడు ఒకడు, చెడ్డవాడు ఒకడు, ఇద్దఱును ఒకే శరీరములో ఉన్నారని సామాన్యముగా చెప్పుకొందురు. గ్రంథమును చదివినచో అట్లు కనబడదు. హైడు కేవలము దుష్టుడే గాని, జెకిల్ కేవలము శిష్టుడు కాడు. లోకమర్యాదకు భంగము రాకుండ తన దుష్కోరికలు తీర్చుకొనవలెనను ఆశయే ఆతనిచేత ఆ మందును త్రాగించెను. పాపము చేయవలెను, పేరు చెడరాదు, ఇదియే ఆతని ప్రయోగము. ఎడింబరోలో పగలు గౌరవనీయుడగు వడ్రంగిగాను, నగరసభ్యుడుగాను ఉండి, రాత్రులు దొంగతనములు చేసి 1788లో ఉరితీయబడిన విలియం బ్రోడీ చరిత్ర స్టీవెన్‌సనునకు బాల్యమునుండి తెలియును. బ్రోడీ చేసిన బీరువా ఒకటి ఆయన బాల్యపు గదిలోనే ఉండెను. తాను ద్వేషించు పనినే తాను చేయుచున్నానని అపొస్తలుడగు పౌలు రోమీయుల పత్రికలో మొఱపెట్టుకొనిన వేదనకును, ఈ కథకును బంధుత్వము కలదు. భేదమేమనగా, పౌలు ఆ వేదనను దాచలేదు; జెకిల్ దాచెను. దాపఱికమే ఆతని నాశనమునకు మూలము. ఆదివారమున ఒక ముఖము, సోమవారమున ఒక ముఖము గలవారికి ఈ పుస్తకము భయము పుట్టించుట న్యాయమే.

సాహస కథలు రుచింపనివారికి ఆయనయొద్ద వేఱు సరకు కలదు. 1878లో ఫ్రాన్సు దేశపు సెవెన్ కొండలలో మోడస్టీన్ అను గాడిదపై సామాను వేసికొని పండ్రెండు దినములు నడచి, మఱుసటి యేట ప్రకటించిన యాత్రా గ్రంథము హాస్యరస పూరితము. గాడిదను తోలుట చేతకాని పట్నవాసి పాట్లు చదువుచు పల్లెటూరి బాలురు తప్పక నవ్వుదురు. అయితే ఆ కొండలు రోమను కథోలిక రాజుపై ప్రొటెస్టెంటు రైతులు 1702లో తిరుగబడిన చోటు. రెండు సంఘములవారును పక్కపక్కనే బ్రదుకుటను ఆయన శ్రద్ధతో గమనించెను. 1885లో ప్రకటించిన బాలగేయ సంపుటిని ఆయన తన దాదికే అంకితము చేసెను. జబ్బుపడి పడకపై బొమ్మ సైనికులను నడిపించు పిల్లవాడు, సాయంకాలము వీధిదీపములు వెలిగించువానికై కిటికీ యొద్ద కాచుకొనియుండు పిల్లవాడు ఆ గేయములలో కనబడుదురు. ఇక వ్రాత నేర్చుకొనగోరు విద్యార్థులు ఆయన అభ్యాస విధానమును తెలిసికొనవలెను. బాల్యమున ఆయన జేబులో రెండు పుస్తకములు ఉండెడివి. ఒకటి చదువుటకు, ఒకటి వ్రాయుటకు. మంచి రచయితల వాక్యములను చూచి, అట్లే వ్రాయుటకు ప్రయత్నించి, సరిపోల్చుకొని, చాలదని తెలిసికొని, మరల వ్రాసెడివాడు. నోట్సులు కంఠస్థము చేయుటకును దీనికిని ఎంత అంతరము కలదో చెప్పనక్కఱలేదు.

మిషను సేవలో నున్న మావంటివారు తప్పక చదువవలసిన రచన మఱియొకటి కలదు. అది నవల కాదు. 1890 ఫిబ్రవరి 25వ తేదీతో సిడ్నీ నగరమునుండి వ్రాసిన బహిరంగ లేఖ. బెల్జియము దేశీయుడగు ఫాదరు డేమియన్ హవాయి దీవులలో ఒకటియగు మొలొకాయిలో, సంఘమునుండి వెలివేయబడిన కుష్ఠరోగుల మధ్యకు 1873లో పోయి, వారికి ఇండ్లు కట్టి, పుండ్లు కడిగి, శవములను పాతిపెట్టి, తుదకు ఆ రోగమే సోకి 1889 ఏప్రిల్ 15న మరణించెను. పిమ్మట కొలది కాలమునకే హోనలూలులోని ఒక ప్రొటెస్టెంటు మిషనరీ, డాక్టరు హైడు, డేమియన్ మొరటువాడనియు, మురికివాడనియు, శీలము లేనివాడనియు ఒక ఉత్తరములో వ్రాయగా అది పత్రికలలో పడెను. హైడు అను పేరు నవలలోని పేరే యగుట కేవలము కాకతాళీయము. నవల అంతకు నాలుగేండ్ల ముందటిది. డేమియన్ మరణించిన మఱుసటి నెలలోనే స్టీవెన్‌సన్ ఆ రోగుల మధ్య ఒక వారము గడిపి, అందఱిని విచారించి యుండెను. పుట్టుకచే ప్రెస్బిటీరియనుడైన ఆయన కథోలిక గురువు పక్షమున కలము పట్టెను. పరువునష్టపు వ్యాజ్యము వచ్చి సర్వస్వము పోవచ్చునని ఎఱిగియు లేఖను ప్రకటించెను. దానిపై ప్రతిఫలమును పుచ్చుకొనలేదు.

ఆ లేఖలో మాకు నచ్చినదేమనగా, డేమియన్ దోషరహితుడని ఆయన వాదింపలేదు. మొరటుతనము, మొండితనము, శుభ్రత చాలమి నిజమేయని ఒప్పుకొనెను. అట్టి మనుష్యుడే ఆ పనిని చేసెననియు, శుభ్రముగా నున్నవారు చేయలేదనియు చూపెను. రోగులయొద్దకు పోయినవానిని, సుఖమైన ఇంటిలో కూర్చున్నవాడు విమర్శించుట తగదని ఆయన ఆగ్రహము. హైడుపై ఆయన ఆడిన మాటలు మితిమీఱినవి. అంత కఠినముగా కొట్టుట సరికాదని పిమ్మట ఆయనయే తలంచెను. ఆ లోపమును మేమును కాదనము. 2009లో రోమను కథోలిక సంఘము డేమియన్‌ను పరిశుద్ధునిగా ప్రకటించెను. నేడు ఆ రోగమునకు మందులు కలవు, నాడు లేవు. తెలుగునాట డిచ్‌పల్లిలో 1915 నుండి డాక్టరు ఇసాబెల్ కెర్ మొదలగువారు చేసిన సేవను ఎఱిగిన మనకు ఆ పని యెంత కష్టమో వేఱుగా చెప్పనేల? ఒక మిషనువారు వేఱొక మిషనువారి పనిని గూర్చి, ఒక సంఘమువారు పక్క సంఘమువారి బోధకుని గూర్చి చులకనగా మాటలాడు దురలవాటు మన దేశమునను లేకపోలేదు. అట్టి మాట నోటికి వచ్చినప్పుడు ఈ లేఖ జ్ఞప్తికి వచ్చుట మంచిది.

దక్షిణ సముద్రపు దీవులు ఆయనను మార్చినవి. మిషనులయెడల దురభిప్రాయముతో అచ్చటికి పోయితిననియు, వారి పనిని కన్నులార చూచిన పిమ్మట ఆ అభిప్రాయము పోయినదనియు ఆయన బహిరంగముగానే చెప్పెను. న్యూగినీలో పనిచేసిన లండను మిషనరీ జేమ్సు ఛామర్సును మిక్కిలి గౌరవించెను. ఆయన వ్రాసిన “బాటిల్ ఇంప్”, అనగా సీసాలోని దయ్యము కథ, 1891లో లండను మిషనరీ సొసైటీవారి సమోవా భాషా పత్రికలో అనువాదమై వెలువడెను. 1805లో విశాఖపట్టణము చేరి తెలుగువారి మధ్య పని ప్రారంభించినదియు ఆ సొసైటీయే గనుక, ఈ కథ మనకు ఒకవిధముగా చుట్టమే. సీసాలోని దయ్యము కోరినదెల్ల ఇచ్చును. అయితే దానిని కొన్నదానికంటె తక్కువ వెలకే అమ్మవలెను. అమ్మకుండ చనిపోయినవాడు నరకమునకు పోవును. వెల తగ్గి తగ్గి చిట్టచివరి చిల్లి నాణెమునకు వచ్చినప్పుడు కొనువాడెవడు? భర్తను రక్షించుటకు భార్య రహస్యముగా కొనును. భార్యను రక్షించుటకు భర్త మరల కొనదలచును. ఒకరికొఱకు ఒకరు ఆత్మనే పణముగా నొడ్డు ఆ దంపతులు హవాయి దేశీయులు, నల్లనివారు. ఇంగ్లీషు సాహస కథలలో అట్టివారు సేవకులుగానో శత్రువులుగానో కనబడు కాలమున, స్టీవెన్‌సన్ వారిని కథానాయకులుగా నిలిపెను.

ఆయన కథలతో ఊరకుండలేదు. జర్మనీ, ఇంగ్లండు, అమెరికా రాజ్యములు మూడును సమోవాలో చేయుచుండిన అక్రమములను 1892లో చరిత్ర గ్రంథముగా వ్రాసి, లండను పత్రికలకు లేఖలు పంపి, అధికారుల కోపమునకు గుఱియయ్యెను. చెఱసాలలో పడిన సమోవా నాయకులకు ఆహారము పంపి ఆదరించెను. వారు విడుదలయైన పిమ్మట 1894లో తమ చేతులతోనే ఆయన ఇంటికి ఒక బాట వేసి, కూలి పుచ్చుకొనక, దానికి ప్రేమగల హృదయముల బాటయని పేరు పెట్టిరి. కొలది వారములకే ఆయన మరణింపగా, అడవిని కొట్టి త్రోవ చేసి శవపేటికను కొండ శిఖరమునకు మోసికొనిపోయినదియు వారే.

ఇక ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. ఆయన విశ్వాసము సరియైనది కాదని కొందఱందురు. 1873లో తన తండ్రి విశ్వాసమును తాను అంగీకరింపలేనని చెప్పి ఆ యింటిలో గొప్ప దుఃఖమును కలిగించిన మాట సత్యము. సమోవాలో తన యింటివారితోను, పనివారితోను కలిసి ప్రార్థన జరపుచు, అందుకై స్వయముగా ప్రార్థనలు వ్రాసిన మాటయు సత్యము. ఆయనను భక్తునిగా చిత్రించుటయు, నాస్తికునిగా త్రోసివేయుటయు రెండును న్యాయము కావు. సంశయించిన మనుష్యుని గ్రంథము చదివినంతనే కూలిపోవు విశ్వాసము, చదువకున్నను ఎన్నాళ్లు నిలుచును? మన పిల్లలు సంశయమును మొదటిసారి ఉపాధ్యాయుని చెంత కలిసికొనుట మంచిదా, లేక కళాశాల వసతిగృహములో ఒంటరిగా కలిసికొనుట మంచిదా? మొదటిదే మంచిదని మేము తలంచెదము.

రెండవ ఆక్షేపణ మన దేశీయులనుండి రాదగినది, అది బలమైనది. 1889 నాటి “మాస్టర్ ఆఫ్ బాలంట్రే” నవలలో సెకుంద్ర దాస్ అను భారతీయుడు కలడు. చచ్చినట్లు పడియుండు రహస్యవిద్యను యజమానికి నేర్పి, గడ్డకట్టిన నేలలో పాతిన యజమానిని త్రవ్వి బ్రదికింప ప్రయత్నించు నమ్మినబంటు ఆతడు. స్టీవెన్‌సన్ మన దేశమును చూడలేదు. ఆ లోపము ఆ పాత్రలో స్పష్టము. ఆతనికి తల్లి లేదు, ఊరు లేదు, తన కథ లేదు; ఇంద్రజాలము మాత్రమే కలదు. బాలగేయములలోను పరదేశపు పిల్లలను చూచి జాలిపడు ఇంగ్లీషు బాలుడు ఒకడు కలడు. ఆ బాలుని గర్వమును చూచి కవి నవ్వుచున్నాడని సమర్థింపవచ్చును గాని, ఆ గేయమును మన తరగతిలో చదివించునప్పుడు ఉపాధ్యాయుడు ఊరక దాటిపోరాదు. సెకుంద్ర దాసును వ్రాసిన చేయియే కొలది యేండ్లలో సీసా కథలోని దంపతులను వ్రాసెను. చూడని దేశమును గూర్చి వ్రాయుటకును, కలిసి బ్రదికిన ప్రజలను గూర్చి వ్రాయుటకును గల భేదమును పిల్లలకు చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. ఒక రచయితను మెచ్చుకొనుచునే ఆతని తప్పును పట్టుకొనుట కూడ విద్యలో భాగమే.

మూడవ ఆక్షేపణ తలిదండ్రులది. పరీక్షలకు రాని పుస్తకములతో కాలము వ్యర్థమగునని వారి చింత. ఫీజులు కట్టుటకు కష్టపడు తల్లిదండ్రుల చింతను మేము తేలికగా త్రోసివేయము. అయితే నాన్‌డిటెయిల్డు పుస్తకముగా నలువది పుటల సంగ్రహమును, దానికి మరల గైడును చదివిన బాలుడు పరీక్షలో నెగ్గవచ్చును గాని, ఒక ఇంగ్లీషు పుస్తకమును మొదటినుండి చివరివఱకు తానై చదివితినను ధైర్యము ఆతనికి కలుగదు. ఆ ధైర్యమే పై చదువులలో అక్కఱకు వచ్చునది. గ్రంథకర్త వాక్యములను తీసివేసి కథను మాత్రము మిగుల్చుట, చెఱకు రసము పిండి పిప్పిని చేతికిచ్చుటయే.

కావున మా సూచన ఇది. చిన్న తరగతులవారికి బాలగేయములు; ఎనిమిదవ తరగతివారికి “ట్రెజరు ఐలెండు” పూర్తి ప్రతి; తొమ్మిదవ తరగతివారికి “కిడ్నాప్డు”, “కాట్రియోనా”; పదవ తరగతివారికి సీసా కథయు, జెకిల్ కథయు; ఉపాధ్యాయులకును, బోధకులకును డేమియన్ లేఖ. ఈ గ్రంథములపై ప్రచురణ హక్కులు ఏనాడో తీఱిపోయినవి గనుక ఇవి చౌక ప్రతులుగాను, కంప్యూటరులోను, చేతి ఫోనులోను ఉచితముగాను దొరకుచున్నవి. ఆంగ్లము రాని తలిదండ్రులు “కాంచనద్వీపము”ను పిల్లలచేత రాత్రి భోజనానంతరము బిగ్గఱగా చదివించుకొని వినవచ్చును. వినిన పిమ్మట, సిల్వరు మంచివాడా చెడ్డవాడా యని పిల్లలను అడుగవచ్చును. వెంటనే సమాధానము రాకున్న చింతింపనక్కఱలేదు. రాబోవు వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు వీటిలో ఒక్క పుస్తకమునైనను ఆద్యంతము చదివి, తెఱచిన పాఠశాలకు తన అభిప్రాయముతో రావలెనని మేము కోరుచున్నాము. ఆ అభిప్రాయము మా అభిప్రాయముతో ఏకీభవింపనవసరము లేదు. అది తాను చదివి యేర్పఱచుకొనినదైన చాలును.